నత్తల మేడం

పోయిన నెల మా పొరుగింటివాళ్లు వేళాంకణ్ణి యాత్రకు వెళ్లి వచ్చారు. మా ఇంట్లో పిల్లలు ఆడుకుంటారని సముద్రపు గుల్లలు కొన్ని ఒక కవర్లో వేసి ఇచ్చారు. కవరు బల్ల మీద కుమ్మరించాను. వాటిలో ఒకటి వేలెడు పొడవుంది. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు గీతలు చిన్న చిన్న గుడారాలు వేసినట్టున్నాయి. చూడగానే నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చింది.

అది ఖాళీ గుల్ల అని నాకు తెలుసు. అయినా వెడల్పు వైపు రెండు వేళ్లతో పట్టుకుని దూరంగా పెట్టి, కదులుతుందేమోనని కాసేపు చూశాను. నాకే నవ్వొచ్చింది. కానీ అలా చూడటం నా అలవాటు కాదు. ఆమెది.

ఆమెను మా చర్చి సంఘంలో ఎదురుగా మేడం అనేవాళ్లు, చాటున నత్తల మేడం అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. బెంగళూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. పాఠాలు అయ్యాక అక్కడే ల్యాబులో సముద్రపు నత్తల విషం మీద పరిశోధన. తండ్రి బంగారు గనిలో దిగి పనిచేసి, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. తల్లితో కలిసి పాత గని క్వార్టర్లలో ఉండేది. ఆ తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. పొద్దున్నే మా స్టేషను మారికుప్పంలో బెంగళూరు రైలెక్కి సాయంత్రం దిగేది. గనులు మూతపడ్డాక మా ఊళ్లో సగం మంది బతుకు అదే కదా. నాదీ అదే రైలు.

చేతిసంచిలో వాక్యం, అంటే బైబిలు, టిఫిన్ డబ్బా, ఒక పాత కళ్లజోడు పెట్టె ఉండేవి. ఆ పెట్టెలో దూది పరుపు, దూది మీద గుల్ల. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచేది, అవి శుభ్రంగానే ఉన్నా సరే. గుల్లను ఎవరికైనా చూపించేటప్పుడు బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేసి, ఒక నిమిషం ఊరికే చూసేది.

"లోపల ఏమీ లేదు కదక్కా," అన్నాను ఒకసారి.

"లేదని తెలుసప్పా. తెలిసినా చూసుకోవాల. బతికినదైతే యాడ పట్టుకున్నా తప్పే. సన్నటి వైపు నుంచి గొట్టం చాపి, వెనక్కి తిప్పి మరీ పొడుస్తాది. దీనికి విరుగుడు మందు యాడా లేదు."

ఆ నత్తకు పన్ను ఉంటుందని, ఆ పన్నే బోలు సూదిలా ఉంటుందని, దానిలోంచి విషం ఎక్కించి చేపను ఉన్నచోటే పడేస్తుందని ఆమె చెప్పగానే మొదట నేను నమ్మలేదు. నత్తేమిటి, చేపను పట్టడమేమిటి?

"తొందరగా పోలేనిదానికే తొందరగా పనిచేసే విషం కావాల," అనేది ఆమె. నిదానంగా పనిచేసే విషమైతే పొడిపించుకున్న చేప ఈదుకుంటూ పోయి ఎక్కడో చస్తుంది, నత్త ఎప్పటికి పాకేను దాని దగ్గరికి? ఈ మాట ఆమె నత్తల గురించే అనేది కాదు. మా సంఘంలో మోకాళ్ల నొప్పులతో కుర్చీ దిగని పెద్దాయన ఒకరుండేవారు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆయన నోటనే వినబడేది. ఆదివారం ఆయన వైపు కళ్లతో చూపించి, "చూసినావా, నడవలేడు. నాలుక మాత్రం ఎంత స్పీడో," అని నా చెవిలో అని, వెంటనే పాటల పుస్తకంలో తల దూర్చేది.

సంఘపెద్దగా శుక్రవారం గృహప్రార్థనలు నడిపించే బాధ్యత నాది. ఒకసారి వాళ్లింట్లోనే కూడుకున్నాం. ఆ రోజు సృష్టి గురించి చెప్పాను. దేవుడు ప్రతి ప్రాణినీ దాని దాని జాతి ప్రకారం చేశాడని, కోతి నుంచి మనిషి వచ్చాడనే చదువులు మన పిల్లల్ని చెడగొడుతున్నాయని గట్టిగానే చెప్పాను. అందరూ కాఫీ తాగి వెళ్లిపోయాక ఆమె కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టింది. ప్రశ్న వస్తుందని నాకు తెలుసు.

"బాగా చెప్పినావప్పా. ఒక్క సందేహం. దేవుడు ఒక్కసారి చేసి చేతులు కడుక్కున్నాడని నీకెవరు చెప్పినారు?"

"జాతి ప్రకారం అని ఉండాది కదక్కా."

"ఉండాది. నేను కాదన్లేదు. ఈ నత్తల్లో వందల జాతులుండాయి. ఒకటి పురుగుల్ని తింటాది, ఒకటి సాటి నత్తల్నే తింటాది, ఒకటి చేపల్ని. ఒక్కొక్కదాని ఒంట్లో వందకు తక్కువ కాకుండా విషాలు. ఒకదాని విషం ఇంకోదానికి ఉండదు. పక్కపక్క రాతి కింద బతికినా సరే. ఇన్ని ఎట్ల వచ్చినాయి?"

"దేవుడు పెట్టినాడు."

"పెట్టినాడు, సరే. ఎట్ల పెట్టినాడు? అది కదా నేను అడిగేది. ఇంగ నువ్వు చెప్పు. ప్రార్థన ఎట్ల మొదలుపెడతావు?"

"పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ అని."

"మా అమ్మ?"

"అవ్వ కూడా అంతే."

"కడాన?"

"ఆమేన్."

"మధ్యలో?"

"ఎవరి గోడు వాళ్లది."

"అంతే!" అని చప్పట్లు కొట్టింది. "ఈ విషాలూ అంతే. ఒంట్లో తయారయ్యేటప్పుడు ప్రతి దానికీ తల ఒక్కటే. తాతల కాలం నుంచి మారలేదు. అక్కడక్కడా బిగించిన ముడులు కూడా మారలేదు. ఆ ముడుల మధ్యలో ఉండేదే మారుతా వచ్చింది. ఒళ్లు ఒక విషం సూత్రాన్ని నకలు తీసుకుంటాది. అసలుది దాని పని అది చేస్తా ఉంటాది. నకల్లో తప్పు పడినా నత్తకు ప్రాణం పోదు. అట్ల పడిన తప్పుల్లో ఏదో ఒకటి, పురుగును తినే నత్తకు, చేప మీద కూడా పనిచేసింది అనుకో. దానికి కడుపు నిండుతాది. దాని పిల్లలు బతుకుతాయి. తప్పు నిలబడిపోతాది."

"తప్పులతో దేవుడు పని చేస్తాడా అక్కా?"

"మనతో చేయిస్తా లేడా?"

లోపలి గదిలోంచి వాళ్లమ్మ కేక వేసింది. "ఏమే, ఆ అయ్యను ఇంటికి పోనిస్తావా లేదా? వాక్యం చెప్పి అలిసిపోయినాడు, మళ్ల నీ నత్తలు!"

ఈ రోజుకీ నేను సృష్టి జరిగిన ఆరు దినాలను అక్షరాలా దినాలుగానే నమ్ముతాను. ఆమె వాటిని అలా ఒప్పుకునేది కాదు. అలాగని ఆమె విశ్వాసాన్ని నేను ఎప్పుడూ శంకించలేకపోయాను. మా సంఘంలో పాటకు ఒక తాళం వెనకబడి చప్పట్లు కొట్టేది ఆమె ఒక్కతే. ఏ ఆదివారమూ మానకుండా వచ్చి కొట్టేది.

నాకు చక్కెర జబ్బు. పొద్దున రైల్లోనే, బంగారుపేట దాటాక, టిఫిన్ ముందు ఇన్సులిన్ పొడుచుకునేవాణ్ణి. ఒకరోజు చొక్కా కొంచెం ఎత్తి సూది గుచ్చుకుంటుంటే ఎదురు సీట్లోంచి ఆమె వంగి చూసింది.

"అప్పా, నీ మందు నా నత్త దగ్గర కూడా ఉండాది."

"ఏ మందు?"

"ఇదే. ఇన్సులిన్. ఒక జాతి నత్త నోరు సంచి మాదిరి తెరిచి, చేపల చుట్టూ ఉన్న నీళ్లలోకి దీన్ని వదుల్తాది. చేపకు సుగరు దిగిపోతాది. నీకు దిగినప్పుడు కాళ్లు ఎట్ల వణుకుతాయి? అట్ల సోలిపోయి దాని నోట్లోకి పోతాది. నత్త తనకు కావల్సిన ఇన్సులిన్ వేరే చేసుకుంటాది. ఇది చేప కోసం చేసినది. చేప ఒంట్లో ఉండే మాదిరే చేసి పెట్టుకున్నాది."

నేను సిరంజి వైపు చూశాను. నన్ను బతికించేది అదే. చేపను చంపేది అదే.

"మొదట్లో అన్నీ చాలా మంచివని దేవుడు చూసినాడు కదక్కా. మరి ఇదెందుకు చేసినాడు?"

కళ్లద్దాలు తీసింది. తుడవకుండా ఒడిలో పెట్టుకుంది. "అది మాత్రం నాకు తెల్దప్పా. ఎట్ల అనేదే నా పని. ఎందుకు అనేది నీ పని. నీకు తెలిసినప్పుడు నాకూ చెప్పు."

నేను ఆమెకు చెప్పలేదు. నాకు తెలియలేదు.

ఇక వాళ్లింటి గుమ్మం గురించి చెప్పాలి. గనులు మూతపడ్డ తర్వాత మా ఊరి మగవాళ్లు పగలంతా ఏం చేయాలో తెలియని మనుషులయ్యారు. చాలామంది తాగుడులో పడ్డారు. ఆమె తమ్ముడు కూడా. సైనైడ్ దిబ్బ కింద, గని నుంచి తోడిపోసిన ఆ తెల్ల మట్టి గుట్ట పక్కన, ఒక పొద్దున పడి ఉన్నాడు. లేవలేదు. సమాధి చేసిన తర్వాతి ఆదివారం వాళ్లమ్మ గుడిలో లేచి నిలబడింది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల మీద పరిచి పరిచి పాతబడిన తెల్లగుడ్డను పాస్టరుగారి దగ్గర అడిగి తీసుకుంది. దాన్ని పేలికలుగా చించింది. మత్తు ఏ రూపంలోనూ గడప దాటనివ్వమని ఒట్టు పెట్టుకున్న ఇంటికల్లా ఒక పేలిక. మొదటిది తన గుమ్మానికే కట్టుకుంది. ప్రతి ఈస్టరుకు పాతది విప్పి కొత్తది కట్టేవాళ్లు. మా వీధుల్లో ఇప్పటికీ కొన్ని గుమ్మాలకు ఆ తెల్లగుడ్డ కనబడుతుంది. ఆ గుడ్డ వల్ల నిలబడ్డ సంసారాలు నాకు తెలుసు. అందుకే ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

ఆమెకు క్యాన్సర్ అని తెలిసేసరికి అది వెన్నెముకలోకి పాకింది. బెంగళూరు ఆస్పత్రిలో చేయగలిగింది చేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. అవి మా ఊళ్లో దొరకవు. నేనే రైల్లో వెళ్లి ఆస్పత్రిలో తీసుకుని వచ్చాను. గుమ్మం దగ్గర అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"అదేం మందప్పా?"

చెప్పాను.

"నల్లమందు నుంచి తీసేదే కదా?"

"అవునవ్వా. కానీ డాక్టరు..."

"మత్తు మత్తే. డాక్టరు చేతిలో ఉంటే ఏం, సారాయి అంగట్లో ఉంటే ఏం. నా కొడుకు కూడా మొదట్లో ఒళ్లు నొప్పులకనే తాగినాడు."

ప్రాణం పోతున్నవాడికి మద్యం ఇవ్వమని ఒక రాజుకు అతని తల్లి నేర్పిన సంగతి వాక్యంలో ఉంది. దాన్ని గుర్తు చేశాను. తల్లి నోటి మాటే కదా, కరుగుతుందనుకున్నాను. అవ్వ నా కంటే ఎక్కువ చదివింది.

"సిలువ మీద ప్రభువుకు కూడా నొప్పి తెలియకుండా బోళం కలిపిన ద్రాక్షరసం ఇచ్చినారు. ఆయన పుచ్చుకున్నాడా?"

లోపల మంచం మీదనుంచి ఆమె గొంతు వచ్చింది. సన్నగా ఉంది, అయినా స్పష్టంగా ఉంది.

"ఆయన సిలువ మీద ఒక్క పగలు ఉన్నాడమ్మా. నేను ఈ మంచం మీద ఎన్ని పగళ్లు ఉండాల?"

సంఘపెద్దగా ఆ మాటను నేను ఖండించాలి. ఖండించలేదు. అవ్వ చెయ్యి గుమ్మానికి అడ్డంగా అలాగే ఉంది. మాత్రల పొట్లం మా ఇంటికి తీసుకువెళ్లి బీరువాలో పెట్టాను.

ఇంకో రోజు అవ్వ నీళ్లకు వెళ్లినప్పుడు, మాత్రలు జేబులో వేసుకుని తెస్తానని ఆమెతో మెల్లగా అన్నాను.

"వద్దప్పా. ఆ గుడ్డ కింద నుంచి ఇంత మంది సీసాలు దాచుకొని పోయినారు. నేను కూడా పోవాల్నా? తమ్ముడు పోయినాక మా అమ్మకు మిగిలింది ఆ గుడ్డ ఒక్కటే." తర్వాత నవ్వడానికి ప్రయత్నించింది. "తమాషా ఏమో తెలుసా? నా నత్తల్లో ఒకదాని విషం నుంచి నొప్పి మందు చేసినారు. వందల విషాల్లో ఒక్కటి. నరంలో నొప్పి పోయే దారిని మూసేస్తాది. అది నల్లమందు జాతి కాదు. మా అమ్మ ఒట్టుకు భంగమే లేదు."

వెనకే బిందెతో వచ్చిన అవ్వ విన్నది. బిందె దించకుండానే అడిగింది. "అయితే అదే తెప్పియ్యి!"

"మనకు దొరకదమ్మా. దొరికినా మింగేది కాదు. వెన్ను లోపలి నీళ్లలోకి పంపు పెట్టి చుక్క చుక్క వదలాల."

"నువ్వు బెంగళూరు పోతావు కదప్పా," అవ్వ నా వైపు తిరిగింది. " అడిగి చూడు."

వెళ్లి అడిగాను. ఆస్పత్రిలో డాక్టరు, ఆ మందు ఇక్కడ రాదండీ, మేమూ వాడలేదు, మార్ఫిన్ ఇచ్చారు కదా, అదెందుకు వాడటం లేదని అడిగారు. ఏం చెప్పను? తెల్లగుడ్డ సంగతి ఆయనకు ఎలా చెప్పేది? నమస్కారం పెట్టి వచ్చేశాను.

అవ్వ మాత్రం ఆగలేదు. సముద్రపు నత్త లేకపోతే చెరువు నత్త అయినా కాస్త పనిచేయకపోతుందా అని అవ్వ లెక్క. నన్నే బేతమంగళ చెరువుకు పంపించింది. పని చేయదని నాకు తెలుసు. అయినా బస్సెక్కి వెళ్లి, చెరువు గట్టున చేపలు అమ్మే మనిషి దగ్గర సంచి నిండా నత్తలు తెచ్చాను. అవ్వ వాటిని ఉడకబెట్టి, గుల్లల్లోంచి పుల్లతో తీసి, మిరియాలు వేసి చారు కాచింది. గిన్నెలో పోసి కూతురి నోటి దగ్గర పెట్టింది. ఆమె జీవితమంతా నత్తలతో గడిపిన మనిషి. గిన్నెలోకి చూసింది. కళ్లద్దాల కోసం చెయ్యి చాపింది, తుడవడానికి శక్తి లేక వదిలేసింది.

"అమ్మా, ఇది నాచు మేసే నత్త. ఎవరినీ పొడవదు. దీని దగ్గర విషమే లేదు, ఇంగ మందు యాడ నుంచి వస్తాది?"

"తాగవే. వేడిగా ఉండాది."

తాగింది. చివరిదాకా తాగింది. బాగుందమ్మా అని కూడా అంది. సాయంత్రానికి అంతా వాంతి అయింది.

ఆ శుక్రవారం సంఘమంతా ఆమె మంచం చుట్టూ చేరింది. మొదలుపెట్టే ముందు ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. "నొప్పి తగ్గాలని అడుగప్పా. రోగం పోవాలని కాదు. రోగం సంగతి నేను చూసుకుంటా." కానీ అందరూ ఉన్నారు, అందరి విశ్వాసమూ ఉంది. నా నోట మాకు అలవాటైన ప్రార్థనే వచ్చింది. సంపూర్ణ స్వస్థత, బాగై సాక్ష్యం చెప్పే దినం, శత్రువైన సాతాను సిగ్గుపడాలి. గది మొత్తం ఆమేన్ ఆమేన్ అంది. ఆమె కళ్లు మూసుకుంది.

అందరూ వెళ్లాక అంది. "పెద్ద అర్జీ పెట్టినావు. నేను చిన్నది కదా అడగమన్నాను."

తర్వాత రోజుల్లో ఆమె మూలుగు వీధిలోకి వినబడేది. మా ఇంటి బీరువాలో ఆ పొట్లం అలాగే ఉంది. నేను వాళ్లింటికి వెళ్లేవాణ్ణి, కీర్తన చదివేవాణ్ణి, వచ్చేవాణ్ణి. ఆమె చెయ్యి పట్టుకుంటే, పట్టుకున్నచోట కూడా నొప్పి అన్నట్టు మెల్లగా వెనక్కి తీసుకునేది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అవ్వ గుమ్మం ముందు ముక్కాలిపీట వేసుకుని దాని మీద నిలబడి ఉంది. గాలికి సైనైడ్ దిబ్బ మట్టి లేచి వీధంతా తెల్లగా ఉంది. అవ్వ తెల్లగుడ్డ ముడిని గోళ్లతో లాగుతోంది. సాయానికి నేను చెయ్యి ఎత్తాను.

"తాకొద్దప్పా. నేను కట్టినాను. నేనే విప్పాల."

చాలాసేపు పట్టింది. విప్పి, దుమ్ము దులిపి, మడిచి, నా చేతిలో పెట్టింది. "దీన్ని గుడిలో ఇచ్చెయ్యి. ఈ ఇంటికి ఇంగ ఒట్టు లేదు. పోయి ఆ మాత్రలు తీసుకొని రా."

పరుగెత్తాను. తిరిగి వచ్చి పొట్లం అవ్వ చేతిలో పెట్టాను. అవ్వ మాత్ర తీసి కూతురి నాలుక మీద పెట్టింది. ఆమె మింగలేకపోయింది. నీళ్లు పోస్తే పెదవి పక్కనుంచి జారిపోయాయి. ఇంకో మాత్రను చెంచాలో నీళ్లతో నలిపి, చీర కొంగు కొన అందులో తడిపి, పెదవుల లోపల అద్దింది. మళ్లీ తడిపింది. మళ్లీ అద్దింది. ఎంత లోపలికి పోయిందో, ఎంత దిండు మీదకు కారిందో తెలియదు. కాసేపటికి మూలుగు ఆగింది.

"పని చేస్తా ఉందా అప్పా?" అని అవ్వ అడిగింది.

మందు పని చేసి ఆగిందో, మూలిగే ఓపిక అయిపోయి ఆగిందో నేను చెప్పలేకపోయాను. మరుసటి రోజు తెల్లవారేసరికి ఆమె లేదు కాబట్టి ఇప్పుడు కూడా చెప్పలేను.

"ప్రార్థన చెయ్యి," అంది అవ్వ.

మంచం పక్కన మోకరించాను. "పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ," అన్నాను. తర్వాత చిన్నది అడగాలి. ఆమె అడగమన్నదే అడగాలి. వెతికాను. ఏ మాటా నోటికి రాలేదు. బయట గాలి ఆగింది. కళ్లు తెరిచి చూస్తే అవ్వ కళ్లు మూసుకోలేదు. చెంచా ఒడిలో పెట్టుకుని, కూతురి పెదవుల వైపే చూస్తోంది, కదులుతాయేమోనని.

నేను ఇంకా ఏమీ అనకముందే, చూపు తిప్పకుండా, అవ్వ "ఆమేన్" అంది.